‘అక్కడే ఉండు’ అంటే ఎక్కడ?

మా సంఘంలో కొత్త సంవత్సరం మొదటి ఆరాధన అయిపోగానే వాగ్దానాలు తీస్తారు. రంగు కాగితాల ముక్కలను ఒక స్టీలు డబ్బాలో వేసి, పైన తెల్లగుడ్డ కప్పి, పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరి ముందుకు తెస్తారు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి ఒక ముక్క తీసుకోవాలి. దాని మీద రాసి ఉన్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాట అని ప్రతి ఒక్కరూ నమ్ముతారు. పెద్దవాళ్లు దాన్ని గోడ క్యాలెండరుకు గుచ్చుకుంటారు. పిల్లలు ఫోను కవరు వెనక దాచుకుంటారు.

నేనూ చిన్నప్పటి నుంచి తీస్తూనే ఉన్నాను. ఒక వాక్యం ఏడాది పొడుగునా కళ్లముందు ఉంటే మనిషికి మేలే జరుగుతుంది. అందువల్ల ఆ పద్ధతి మీద నాకు కోపం లేదు. ఆ కాగితం ముక్కను అడ్డం పెట్టి ఒక ఆడపిల్ల చదువు ఆపబోయినవాళ్ల మీద మాత్రం నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

ఆ పిల్ల అక్షరాలు రాని వయసు నుంచి నా సండే స్కూల్లో కూర్చున్న పిల్ల. తల్లి మా తాండూరులోనే కందిపప్పు మిల్లులో పనిచేస్తుంది. తండ్రి బండల లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు కర్ణాటక దారుల్లోనే గడుస్తాయి. పిల్ల ఇక్కడే డిగ్రీ చదివింది, పీజీ ప్రవేశ పరీక్ష రాసింది. హైదరాబాదులో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది, హాస్టలుతో సహా. ఫలానా తేదీలోగా వచ్చి చేరకపోతే సీటు పోతుంది.

సీటొచ్చాక మొదటి ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. చున్నీ తల మీదికి లాక్కుంది.

“ప్రభువు నామంల అందరికి వందనాలు. నాకు ఎమ్మెస్సీల సీటొచ్చింది. హాస్టల్ గూడ ఇస్తమన్నరు. గని నా వాగ్దానం జూస్తే నాకు భయమైతున్నది. సంఘం నా కోసం ప్రార్థన చెయ్యాలె.”

అని, ఫోను కవరు వెనక నుంచి గులాబీ రంగు ముక్క తీసి చదివింది: “నేను నీతో చెప్పేంతవరకు అక్కడే ఉండు.”

మగవాళ్ల వైపు నుంచి ఎవరో “స్తోత్రం” అన్నారు. ముందు వరుసలో సంఘ పెద్ద కూర్చుని ఉన్నాడు. బండలు పాలిష్ చేసే కార్ఖానా ఆయనది. మా గుడిలో పరిచిన బండలన్నీ ఆయన ఇచ్చినవే కాబట్టి ఎవరు మాట్లాడినా ఆఖరు మాట తనదే అనుకుంటాడు.

“ఇంకేమున్నది బిడ్డా? ప్రభువు సాఫ్‌సీదా చెప్పిండు. ఉండుమన్నడు, ఉండు.”

అయ్యగారు తల ఊపారు. “దేవుని చిత్తం స్పష్టంగా ఉన్నది. వికారాబాద్‌ల బీఈడీ చెయ్యమ్మా. పొద్దున రైలుకు పొయ్యి సాయంత్రం ఇంటికొస్తవు. తల్లి కళ్లముందు ఉంటవు, సంఘానికి ఆనుకొని ఉంటవు.”

ఆ తర్వాత ఆమె మీద చేతులుంచి ప్రార్థన చేశారు. విధేయతగల హృదయం దయచేయమని.

నాకు చెవులు వేడెక్కాయి. ఎందుకో చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి. ఆయన ఉపదేశి. మోమిన్‌పేట, పూడూరు చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరిగి వాక్యం చెప్పేవాడు. వికారాబాద్‌లో మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు కూర్చోగానే ఒక వాక్యంలో మధ్య ముక్క అందుకునేవాడు. “ముందు మాట ఏంది? ఎనక మాట ఏంది?” అని అడిగేవాడు. ఎవరితో అన్న మాట, ఎక్కడ అన్న మాట, ఎందుకు అన్న మాట — ఈ మూడూ చెబితే తప్ప ఆ వాక్యం మాకు వచ్చినట్టు ఒప్పుకునేవాడు కాదు. మధ్య ముక్క ఒక్కటే పట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే ఆయనకు మండేది. ఆ మంట నాకూ అంటింది.

కాబట్టి ఆ పిల్ల చదవగానే ముందు మాట నా నోట్లోకి వచ్చేసింది. ప్రభువు పసిబిడ్డగా ఉన్నప్పుడు రాజు ఆయన్ను చంపాలని చూశాడు. అప్పుడు దూత కలలో కనపడి ఆ బిడ్డను పెంచే వడ్రంగితో చెప్పిన మాట అది. నువ్వు లేచి, బిడ్డను, తల్లిని తీసుకుని ఐగుప్తుకు పారిపో, నేను చెప్పేంతవరకు అక్కడే ఉండు అని. అక్కడ అంటే ఐగుప్తు! తెలియని దేశం, తెలియని భాష, చుట్టూ వేరే దేవుళ్లు. ఇల్లు వదిలి పొమ్మన్న వాక్యం అది. దాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చోమని చెప్పారు. ‘అక్కడే’ అని కళ్లముందు రాసి ఉంటే ‘ఇక్కడే’ అని చదివారు.

ఆ ముక్కలు యూత్ పిల్లలు రాస్తారు. చార్టు కత్తిరించి, ముక్క చిన్నదైతే వాక్యం ముందు భాగం వదిలేసి రాస్తారు. పిల్లల్ని ఏమీ అనను. వాళ్లు చార్టు సరిపోక వదిలేశారు. ఏళ్ల తరబడి వాక్యం చదివిన పెద్దలు ఎందుకు వదిలేశారు?

ఆరాధన కాగానే అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన వికారాబాద్‌లో ఉంటారు, ఆదివారం పొద్దున రైల్లో వచ్చి మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోతారు. అప్పటికే సంచీ సర్దుకుంటున్నారు.

“అయ్యగారు, ఆ వాక్యం జర మొదటి నుంచి చదివి చూడండి. పొమ్మన్న వాక్యమది.”

ఆయన మొహంలో రంగు కొంచెం మారింది. తెలియక కాదు. అప్పుడే గుర్తొచ్చింది. “ఇప్పుడు రైలుకు టైమైతున్నదమ్మా. ఇంటికి రండి, మాట్లాడుకుందాం.”

పక్కనే ఉన్న సంఘ పెద్ద ఊరుకోలేదు. “టీచరమ్మా, దేవుడు ఎంత ముక్క ఇస్తే గంతనే వాగ్దానం. మిగిలింది మనది కాదు.”

“గట్లనా పెద్దాయనా? కరెంటు బిల్లు గూడ సగమే చదువుతరా మీరు?”

వెనక చాపలు మడుస్తున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు. “సంఘంల ఆడోళ్లు మౌనంగ ఉండాలె” అని, ఆ వాక్యానికి కూడా ముందు మాట, వెనక మాట లేకుండా, నా మీదికి విసిరి వెళ్లిపోయాడు.

బయట చెప్పుల దగ్గర తల్లీ కూతుళ్లు నా కోసం నిలబడి ఉన్నారు.

“అక్కా, నాకు చదువు రాదు” అంది తల్లి. “నువ్వు చెప్పేది నిజమా, ఆయన చెప్పేది నిజమా? నా బిడ్డ సీటొచ్చినకాడి నుంచి సక్కగ తింటలేదు. సంతోషపడాలెనా ఏడ్వాలెనా సమజ్ కాక నేనూ తింటలేను.”

నేను మొత్తం చెప్పాను. తల్లి మొహం విచ్చుకుంది. పిల్ల మొహం విచ్చుకోలేదు.

“టీచర్, నువ్వు చెప్పింది సమజైంది. గని గా సగమే నా చేతికెందుకొచ్చింది? దేవుడు గంతనే చదవమన్నడేమో గదా?”

ఇదీ సంగతి. ఆ పిల్లకు కావలసింది అనుమతి కాదు. తండ్రి ఫోనులో “బిడ్డ ఇష్టం” అన్నాడు. తల్లి అడ్డం చెప్పలేదు. ఆమె నిజంగా దేవునికి భయపడే పిల్ల. దేవుడు వద్దన్న చోటికి పోతున్నానేమో అన్న భయంతో పోతే ఆ చదువు చదువు కాదు, రోజూ శిక్ష కోసం ఎదురుచూడటమే. ఆ భయాన్ని ఎవరు పెట్టారో వాళ్లే తీయాలి అనుకుని, ఆ వారమే రైలెక్కి వికారాబాద్ వెళ్లాను.

అయ్యగారి ఇల్లు స్టేషనుకు దగ్గరే. అయ్యగారి భార్య పాస్టరమ్మ చాయ్ పెట్టింది. అయ్యగారు వరండాలో గ్రంథం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టుకునే కూర్చున్నారు.

“మీరన్నది నిజమేనమ్మా. వాక్యం మీరు చెప్పినట్టే ఉన్నది.”

“మరి వచ్చే ఆదివారం సంఘంల గదే చెప్పండి.”

ఆయన కప్పు కింద పెట్టారు. “అసలు సంగతి వాగ్దానం కాదమ్మా. యూనివర్సిటీకి పోయిన మన పిల్లలు మళ్ల సంఘానికి వస్తలేరు. ఒక్కొక్కలే జారిపోతున్నరు. ఈ పిల్ల పాటలు పాడుతది, పిల్లలకు నేర్పిస్తది. ఇది గూడ పోతే ఎట్ల?”

“ఎందుకు వస్తలేరో ఎన్నడన్న వాళ్లను అడిగిన్రా అయ్యగారు?”

నేను ఆగలేదు. ఇన్నేళ్లుగా లోపల ఉన్నదంతా ఆ వరండాలోనే బయటికి వచ్చింది. పిల్ల ఊరు దాటుతోందంటే మనం ఇచ్చేది ఏమిటి? సినిమాకు పోవద్దు, ప్రసాదం ముట్టొద్దు, అన్యులతో స్నేహం చెయ్యొద్దు, జీన్సు వెయ్యొద్దు, జుట్టు కత్తిరించుకోవద్దు. ఏమి చెయ్యాలో మాత్రం ఒక్క ముక్క చెప్పం. అక్కడ ఆదివారం ఏ సంఘానికి పోతుంది, ఆ సంఘంలో మనకు తెలిసినవాళ్లు ఉన్నారా, జ్వరం వస్తే ఎవరికి ఫోను చెయ్యాలి — ఇవేవీ ఆలోచించం. ఒక్కసారి ఫోను చేసి “తిన్నావా” అని అడగం. సెలవులకు వస్తే మాత్రం బొట్టు ఉందా అని నుదురు చూస్తాం, కమ్మలున్నాయా అని చెవులు చూస్తాం, జుట్టు కొలుస్తాం. ఒక పిల్లవాడు పాఠంలో విన్న ఒక సంగతి గురించి, దేవుడు లోకాన్ని చేసిన విధం గురించి, భయం భయంగా ఒక ప్రశ్న అడిగాడు. ప్రార్థన తక్కువైంది నీకు అన్నాం. వాడు మళ్లీ రాలేదు. వాడు దేవుని విడిచిపోయాడని మనం చెప్పుకుంటున్నాం. వాడిని మనం విడిచేశామని ఎప్పుడు ఒప్పుకుంటాం?

“నేనూ గదే అంటున్న ఈయనతోని” అంది పాస్టరమ్మ గుమ్మంలోంచి.

“నువ్వు జర ఊకో.”

“ఊకోబట్టే గిట్లైంది.”

అయ్యగారు గ్రంథం మూశారు. చాలా నెమ్మదిగా, నిజాయితీగానే, ఆ మాట అన్నారు: “సంఘం ముందర దేవుని చిత్తమని చెప్పిన. ఇప్పుడు తప్పు చదివినమంటే రేపు నా మాట ఎవరు ఇంటరు?”

నేను చాయ్ అక్కడే పెట్టి లేచాను. ఒక ఆడపిల్ల బతుకు ఒకవైపు, ఆయన మాటకున్న పరువు ఒకవైపు. ఆయన ఏ వైపు మొగ్గారో చెప్పకనే చెప్పారు. ప్రభువు గొర్రెల కోసం ప్రాణం పెట్టే కాపరి గురించి చెప్పాడు. మాట వెనక్కి తీసుకోవడానికే మనసొప్పని కాపరిని ఏమనాలో నాకు తెలియదు. తిరుగు రైల్లో తాండూరు దాకా పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

పిల్ల చివరికి పోవడానికే నిర్ణయించుకుంది. సీటు గడువు దగ్గర పడుతుంటే తల్లి అన్న ఒక్క మాట పనిచేసింది. “నేను మిల్లుల చాట పట్టుకొని కూసుంటే నా చేతిల గూడ నూకలే వస్తయి ముందు. గని చాట చెరుగుడు ఆపుతనా? నీ చేతికి సగం ముక్కొచ్చిందని నువ్వెందుకు ఆగాలె?” అంది. వాక్యం గురించి ఆమెకు తెలిసింది తక్కువ. అయినా ఆ రోజు సంఘంలో ఎవరూ చెప్పనంత మంచి మాట చెప్పింది.

సాగనంపే ప్రార్థన మాత్రం జరగలేదు. అంతకు ముందు ఏడు ఆ సంఘ పెద్ద మనవడు బెంగళూరు పోతుంటే ముందు నిలబెట్టి, నూనెతో అభిషేకించి, లడ్డూలు పంచారు. ఆ పిల్లవాడి వాగ్దానం ఏమిటని ఎవరూ అడగలేదు. ఈ పిల్ల పోయే ముందు ఆదివారం అయ్యగారు ప్రకటనల్లో కూడా ఆమె మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున స్టేషనులో తల్లి, నేను తప్ప ఎవరూ లేరు. తల్లికి మిల్లులో సెలవు దొరకలేదు. రైలు కదిలాక ఆమె ప్లాట్‌ఫారం మీదే ఆగిపోయింది. నేను వెంట వెళ్లాను.

దారి పొడుగునా ఆ పిల్లకు చెప్పిన మాటలే ఇప్పుడు ఊరు దాటి చదువుకు పోతున్న మన పిల్లలందరికీ చెబుతున్నాను. మొదటి ఆదివారమే ఒక సంఘం వెతుక్కో. మనలాంటి సంఘమే కావాలని చూస్తూ కూర్చోకు, వాక్యం ముందు మాట వెనక మాట కలిపి చెప్పేవాళ్లు దొరికితే చాలు. నీ గదిలో ఉన్న పిల్లను ‘లోకం’ అనుకోకు. లోకం లోకం అని మన వేదికల మీద అన్ని తిట్లు తిడతాం కానీ, ఆ లోకాన్నే దేవుడు ప్రేమించాడని పిల్లలకు చిన్నప్పుడే కంఠస్థం చేయిస్తాం. ఆమె పూజ చేసుకుంటుంటే మొహం చిట్లించకు. నువ్వు మోకరించేటప్పుడు దాక్కోకు. క్లాసులో నీకు తెలియని ప్రశ్న వస్తే దేవుడు కంగారుపడడు, నువ్వూ పడకు. పరీక్ష ముందు ఉపవాసం ఉండి కళ్లు తిరిగి పడిపోకు. తిను, నిద్రపో, చదువు; ఇవి కూడా విధేయతే. చెరలో ఉన్న జనానికి ప్రవక్త ఏమని కబురు పంపాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న ఆ పరాయి పట్టణం బాగుండాలని ప్రార్థించండి అన్నాడు. తలుపులు మూసుకుని కూర్చోమనలేదు.

పిల్ల అన్నీ వింది. వికారాబాద్ స్టేషనులో రైలు ఆగినప్పుడు జామకాయలు కొని నాకొకటి ఇచ్చింది. నవ్వింది కూడా. భయం పోయిందనుకున్నాను.

పోలేదు. మూడో నెలలో ఒక సాయంత్రం తల్లి ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. పిల్ల గదిలో ఉండే నిజామాబాదు అమ్మాయి ఫోను చేసిందట. నేను ఆ నంబరుకు మళ్లీ చేశాను.

“ఆంటీ, మీ పిల్లకు జ్వరమొచ్చి మస్తు దినాలైంది. మాత్ర ఏసుకోమంటే ఏసుకుంటలేదు, దవాఖానకు రమ్మంటే వస్తలేదు. దేవుడు కొట్టిండంటది. నాకైతే సమజైతలేదు. మీరు జల్ది రండి.”

మేం వెళ్లేసరికి ఆ అమ్మాయి మా పిల్లను బలవంతాన ఆసుపత్రిలో చేర్పించి, పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. టైఫాయిడ్ అన్నారు. సెలైను ఎక్కుతోంది. పిల్ల కళ్లు లోపలికి పోయాయి.

“చూడండి ఆంటీ, రోజు ఉపవాసమే” అంది ఆ అమ్మాయి. “ఓ పిల్లా, మీ దేవుడు గ్లూకోజు గూడ వద్దన్నడా ఏంది?”

మా పిల్ల పెదవులు పగిలి ఉన్నా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ అమ్మాయి నుదుట కుంకుమ, చేతికి ఎర్ర దారం. స్నేహం చెయ్యొద్దని మేం చెప్పే ‘అన్యురాలు’ ఈమే. తన ప్రాక్టికల్సు వదులుకుని ఆ స్టూలు మీద కూర్చుంది. నూనె సీసాతో అభిషేకించే చేతుల్లో ఒక్కటి కూడా ఆ మంచం దగ్గర లేదు.

తల్లి మందులకు వెళ్లినప్పుడు పిల్ల నా చెయ్యి పట్టుకుంది. “మాట ఇనకుండ వచ్చిన గదా టీచర్. అందుకే జ్వరమొచ్చిందనుకున్న. మాత్ర ఏసుకుంటే దేవునికి ఎదురు పోయినట్టైతదని... ఉపవాసం ఉంటే క్షమిస్తడేమోనని.”

ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. క్రిములు నీళ్లలోంచి వచ్చాయి, వాటికి మందుంది. ఈ రెండో రోగం, ఈ భయం, మా వేదిక మీద నుంచి వచ్చింది. స్తోత్రం అన్న కేకలతో వచ్చింది, చేతులుంచి చేసిన ప్రార్థనతో ఒంట్లోకి దిగింది. ఆ పిల్లను చంపబోయింది టైఫాయిడ్ ఒక్కటే కాదు.

కాస్త కోలుకున్నాక తాండూరు తీసుకొచ్చాం. మేం రాకముందే వార్త వచ్చింది. మిల్లులో తల్లితో ఎవరో అన్నారట, చూసినవా, దేవుని మాట దాటితే ఏమైతదో అని. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, సంఘ పెద్ద ఇద్దరూ ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఉంటానని ముందే చెప్పాను.

పిల్ల మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. సంఘ పెద్ద కుర్చీలో సర్దుకుని, చాలా జాలిగా మొదలుపెట్టాడు.

“బిడ్డా, ప్రభువు ప్రేమించినోళ్లనే శిక్షిస్తడు. గిది ఒక హెచ్చరిక అనుకో. ఇంటికొచ్చినవు, మంచిగైంది. ఇగ ఈడనే ఉండు.”

నేను నోరు తెరవబోయాను. పిల్ల నా వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తింది.

“తాతా, పోయినేడు మా అమ్మకు డెంగ్యూ వచ్చింది. గామె పక్కూరు యాలాల్ గూడ దాటలే. దేవుడు గామెను దేనికి కొట్టిండు?”

సంఘ పెద్ద అయ్యగారి వైపు చూశాడు.

“మన గల్లీల ఎంతమందికి టైఫాయిడ్ వచ్చింది తాతా? వాళ్లంత ఏ యూనివర్సిటీకి పోయిన్రు?”

“ఎదురు మాట్లాడకు బిడ్డా” అంది తల్లి. కానీ ఆ గొంతులో కోపం ఏమీ లేదు.

“ఎదురు మాట్లాడతలేనమ్మా, అడుగుతున్న. దవాఖానల పండుకొని ఆ అధ్యాయం మొత్తం చదివిన. ఐగుప్తుకు పోవుడు తప్పైతే పసిబిడ్డ యేసయ్య బతికేటోడే కాదు. అయ్యగారు, మీరు చెప్పండి. దూత పొమ్మన్నడా, ఉండుమన్నడా?”

అయ్యగారు నేల చూస్తూ కూర్చున్నారు. కింద బండ మీద పగులు ఒకటి ఉంది, దాన్నే చూస్తున్నారు. తల ఎత్తకుండానే, “పొమ్మన్నడమ్మా” అన్నారు.

సంఘం ముందు చెప్పవలసిన మాట. ఒక గదిలో, నలుగురి మధ్య చెప్పారు. నాకు సరిపోలేదు. ఇప్పటికీ సరిపోలేదు. కానీ ఆ పిల్ల భుజాలు దిగాయి. ఆ మాట కోసం ఆమె ఎన్ని నెలలుగా బిగపట్టుకుని ఉందో అప్పుడు కనిపించింది.

“ప్రార్థన చేద్దాం” అన్నారు అయ్యగారు. అందరం తలలు వంచాం. ఆయన స్వస్థత కోసం ప్రార్థించారు, తల్లి కోసం, దారుల్లో ఉన్న తండ్రి కోసం ప్రార్థించారు. చదువు మాట ఎత్తలేదు. యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాం తండ్రీ అని ముగించారు. మా దగ్గర అయ్యగారు ముగించాక ఇక ఎవరూ ప్రార్థన చేయరు. ఆమేన్ అనడమే.

ఎవరం ఆమేన్ అనకముందే మంచం మీద నుంచి పిల్ల గొంతు వినిపించింది. కళ్లు మూసుకునే ఉంది.

“తండ్రీ, నేను మళ్ల పోయేటట్టు చెయ్యి. ల్యాబ్‌ల ఎనకపడ్డ పనంత చేసుకునే శక్తి ఇయ్యి. నా గదిల ఉన్న పిల్లను దీవించు, నా గురించి గామె ప్రాక్టికల్స్ పోయినయి. ఇగ నాకు భయం వద్దు. ఆమేన్.”

తల్లి ఆమేన్ అంది. నేను అన్నాను. అయ్యగారు అన్నారు. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు; అది ఆమేనో దగ్గో నేను చెప్పలేను.

వెళ్లేటప్పుడు అయ్యగారు గుమ్మంలో ఆగారు. చెప్పులు వేసుకుంటూ, మొహం ఎత్తకుండా అడిగారు. “అక్కడ ఆదివారం యాడికి పోతున్నవమ్మా?”

“హాస్టల్ ఎనక గల్లీల చిన్న సంఘమున్నది అయ్యగారు. రేకుల షెడ్డు. గని వాక్యం మంచిగ చెప్తరు.”

“ఆ పాస్టరు నంబరు ఉన్నదా? నాకియ్యి. మాట్లాడుత.”

పిల్ల నంబరు చెబుతుంటే ఆయన ఫోనులో కొట్టుకున్నారు. మంచి పనే. సంతోషమే. కానీ ఆ ప్రశ్న ఆమె సీటొచ్చిందని లేచి నిలబడిన రోజు అడగవలసింది. అడగడానికి ఒక నిమిషం కూడా పట్టేది కాదు. ఆ నిమిషం ఖర్చు పెట్టలేక ఒక పిల్లను చావు దాకా పంపాం. ఇప్పుడు మీ సంఘంలో ఎవరి పిల్లో సీటొచ్చిందని లేచి నిలబడితే, దయచేసి ఏ కాగితమూ తీయించకండి. ముందు ఆ ప్రశ్న అడగండి.